అరుగు మీద రికార్డు

నా కూతురు కంప్యూటర్ డిగ్రీ ఆఖరి ప్రాక్టికల్ పరీక్షకి రికార్డు మర్చిపోయి వెళ్ళిందని మా లంకలో అందరికీ తెలుసు. అది మర్చిపోవడం నేను కళ్ళారా చూశానని మాత్రం ఎవరికీ తెలియదు. చూసి కూడా పిలవలేదు.

ఈ మాట అనగానే కలం ఆగింది. నాకు సంతకం వరకే వచ్చు కాబట్టి, నేను చెబుతుంటే రాస్తున్నది నా కూతురే. ఇన్నేళ్ళలో దానికీ ఈ సంగతి చెప్పలేదు. తలెత్తి నా మొహంలోకి చూసింది.

"ఆగకు, రాయి. అంతా విన్నాక ఏమంటావో అను" అన్నాను.

మాది గోదావరి పాయకి అవతల లంక. పడవలో ఏరు దాటితే అటు రేవు, రేవులో ఆటో ఎక్కితే ముమ్మిడివరం, అక్కడ బస్సు పట్టుకుంటే అమలాపురం. నా మొగుడు కొబ్బరి దింపు తీసేవాడు. పిల్ల తొమ్మిదో తరగతిలో ఉండగా చెట్టు మీంచి పడి చచ్చిపోయాడు. అప్పటినుంచి అత్తమామల ఇంట్లోనే ఉంటూ కొబ్బరి పీచు తాళ్ళు పేనుతున్నాను. ఇది జరిగింది రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో.

మా అత్త చెడ్డ మనిషి కాదు. మామ మంచం పట్టినా బతికే ఉన్నాడు కనక ఆవిడ పుణ్యస్త్రీ. పిల్ల పరీక్షకి బయల్దేరితే ఇత్తడి చెంబుతో నీళ్ళు పట్టుకుని ఎదురొచ్చేది. డిగ్రీ మొదటి ఏడాది లెక్కల పరీక్ష రోజున నేనూ గుమ్మంలో నిలబడి సంచి అందించాను. ఆ పేపరు పోయింది. మార్కుల కాయితం వచ్చిన పూట అత్త నన్ను పెద్దగా ఏమీ అనలేదు. "ఆయ్, చూసేవుగా" అంది, అంతే. తిట్టినా బాగుండేది, తిరిగి తిట్టేదాన్ని. అప్పటినుంచి పరీక్ష ఉన్న రోజు తెల్లారగానే దొడ్లోకి పోయి తాటాకు దడి వెనక నిలబడేదాన్ని. దాని అడుగుల చప్పుడు దూరమయ్యాకే ఇవతలికి వచ్చేదాన్ని. రెండో ఏడు అన్నీ పాసయింది. పోయిన లెక్కలు కూడా గట్టెక్కాయి. ఇంక నాకు అనుమానమే లేకపోయింది.

పిల్ల వెక్కిరించేది. "అమ్మా, కంప్యూటర్‌కి నీ మొహం తెలీదు. మీట నొక్కితే పనిచేస్తుంది. ఎవరెదురొచ్చేరని అడగదు."

"నీకు తెలీదులే. నువ్వు నీ మీటలు చూసుకో" అనేదాన్ని.

మీటలంటే ఇంట్లో నిజం మీటలు లేవు. కాలేజీలో నలుగురికి ఒక్క కంప్యూటరు. అందుకని బిస్కెట్ల అట్టపెట్టె మూత మీద పెన్నుతో గళ్ళు గీసుకుని, గడికో ఇంగ్లీషు అక్షరం రాసుకుని, సాయంత్రం పూట అరుగు మీద కూర్చుని దాని మీదే వేళ్ళు ఆడించేది. నేను ఎదురుగా తాడు పేనుతుండేదాన్ని. ఆ అక్షరాలు నాకు చదవడం రాదు కానీ, ఏ వేలు ఎక్కడికి పోయి ఎక్కడికి తిరిగి వస్తుందో చూసి చూసి నాకూ తెలిసిపోయింది.

రికార్డంటే గట్టి అట్టల పుస్తకం. ఏడాది పొడుగునా చేసిన ప్రోగ్రాములన్నీ అందులో సిరాతో ఎక్కించాలి. ప్రతి దాని కిందా మేడం గారి ఎర్ర సంతకం పడాలి, మొదటి పేజీ మీద కాలేజీ ముద్ర పడాలి. అది చేతిలో లేకపోతే పరీక్షగదిలోకి రానివ్వరు. ఆ పరీక్ష తప్పితే మళ్ళీ ఏడాదికే. అప్పటిదాకా డిగ్రీ లేదు. ఇంకో ఏడాది చదివించే ఓపిక నా చేతుల్లో లేదు. పీచు పేని పేని కుడిచేతి రెండు వేళ్ళు వంగడం మానేశాయి. ఆ సంగతి పిల్లకీ తెలుసు.

ఆ రోజు పొద్దున్న నేను దడి వెనకే ఉన్నాను. ఆకుల సందులోంచి అరుగు కనిపిస్తోంది. పిల్ల చెప్పుల పట్టీ పెట్టుకోవడానికి వంగి, చేతిలో రికార్డు అరుగు మీద పెట్టింది. అప్పుడే అత్త చెంబుతో ఎదురొచ్చింది. పిల్ల నవ్వి, ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టి, సంచి భుజానికి తగిలించుకుని నడిచింది. అత్త చెంబు పట్టుకుని వెనక వాకిట్లోకి పోయింది.

రికార్డు అరుగు మీదే ఉంది.

నోరు తెరిచాను. అమ్మాయ్ అని ఒక్క కేక వేస్తే చాలు, గుమ్మం దాటి పది అడుగులు కూడా పోలేదు. కానీ బయల్దేరిన మనిషిని వెనకనుంచి పిలవకూడదు. అది అందరికీ ఉన్న నియమం. పిలిచేది నాలాంటి మనిషైతే మరీను. పిలిస్తే వెనక్కి తిరుగుతుంది, తిరిగితే నా మొహమే చూస్తుంది. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. దానికదే గుర్తొస్తుంది, గుర్తు రావాలి అనుకున్నాను.

కాలవ మీద తాటిమొద్దు వంతెన దగ్గర పిల్ల ఆగింది. గుర్తొచ్చిందనుకున్నాను. అది వెనక్కి తిరగలేదు. కాసేపు అలాగే నిలబడి, వంతెన దాటి వెళ్ళిపోయింది.

అప్పుడు పరిగెత్తాను. రికార్డు కొంగులో చుట్టుకుని, బాటమ్మట పోతే దాని కంటపడతానేమోనని కొబ్బరితోటల్లోంచి చుట్టూ తిరిగి పోయాను. ఆ చుట్టు తిరగడమే కొంప ముంచింది. నేను మా రేవుకి చేరేసరికి మోటారు పడవ ఏటి నడిమికి పోయింది. పిల్ల అవతలి ఒడ్డుకేసి మొహం పెట్టి కూర్చుంది. అప్పుడు పిలిచాను. గొంతు చీరుకుపోయేలా పిలిచాను. మోటారు చప్పుడులో నాకే వినపడలేదు.

ఆ పడవ అవతలికి పోయి నిండి తిరిగి రావాలంటే చాలాసేపు పడుతుంది. ఒడ్డున చేపల వేటకి పోయే చిన్న నావ ఒకటుంది. నావవాడు వల సర్దుకుంటున్నాడు.

"తమ్ముడూ, అవతలికి దింపు. మా పిల్లకి పరీక్ష" అన్నాను.

అతను బొట్టు లేని నా నుదురు చూశాడు. "ఇంకా బోణీ కాలేదక్కా. ఎవరన్నా రానీ, వాళ్ళెక్కేక ఎక్కుదూగాని."

"ఎవరన్నా అంటే ఎవరు?"

"నీకు తెలీనిదేముంది."

నాకు తెలుసు. దడి వెనక నేను చేసి వచ్చిందీ అదే. అతన్ని అనడానికి నాకు నోరెక్కడిది? అయినా ఊరుకోలేకపోయాను. "నా మొగుడు పోయింది కొబ్బరిచెట్టు మీంచిరా, నీ నావలోంచి కాదు" అన్నాను. అతను తలెత్తకుండా వల దులుపుకుంటున్నాడు.

ఇంతలో రొయ్యల గంప నెత్తిన పెట్టుకుని ఒకావిడ వచ్చింది. అవతలి ఒడ్డునుంచి వచ్చి మా లంకలో రొయ్యలు కొనుక్కుపోతుంటుంది. ఇంత బొట్టు, చేతుల నిండా గాజులు. "ఏరా, పొద్దున్నే ఏం పంచాయితీ?" అంది.

"నువ్వెక్కు అత్తా. నువ్వెక్కితే ఈవిణ్ణీ ఎక్కించుకుంటాను."

ఆవిడకి సంగతి అర్థమైంది. గంప దించి ముందు దాన్ని నావలో పెట్టింది. "ఇదిగో, గంప ఎక్కింది. దీనికి మొగుడూ లేడు, పోయేవాడూ లేడు. అయ్యిందా బోణీ?"

"నువ్వెక్కొచ్చుగా?"

"నా మొగుడు పోయి పదేళ్ళయిందిరా సన్నాసీ. మా ఊళ్ళో సంగతి నీకేం తెలుసు? బొట్టు తియ్యబుద్ధి కాక ఉంచుకున్నాను. ఇన్నాళ్ళనుంచీ పొద్దున్నే నీ నావ ముందెక్కేది నేనే. చేపలు పడలేదేంటి?"

నావవాడు నోరు తెరుచుకుని ఆవిణ్ణి, గంపని, నన్ను చూశాడు. తర్వాత గెడ తీసుకున్నాడు. ఇద్దర్నీ ఏరు దాటించాడు. నాకు నవ్వు రాలేదు. ఎండ పైకొస్తోంది.

అవతల ఆటోవాడు నిండితే కానీ కదలనన్నాడు. నిండాక కదిలాడు. ముమ్మిడివరంలో బస్సు పేరు చదవలేక నలుగుర్ని అడిగి ఎక్కాను. చేతికి వాచీ ఉన్న ప్రతివాణ్ణీ టైమెంతయిందని అడిగాను. పరీక్ష పదింటికి. తొమ్మిదిన్నర అన్నారు, పది అన్నారు. దారిలో రోడ్డు చదును చేస్తున్నారని బస్సు ఆపేశారు. పది దాటింది అన్నారు. కొంగులో రికార్డుకి నా చెమట అంటుకుపోతుందేమో, ఎర్ర సంతకాలు కరిగిపోతాయేమోనని దాన్ని బయటికి తీసి రెండు చేతులతో పట్టుకున్నాను.

నేను ఆ కాలేజీ మెట్టు ఎక్కడం అదే మొదలు. ఏ గది మీద ఏం రాసుందో నాకెలా తెలుస్తుంది? వరండా అంతా పరిగెత్తాను. ఒక గది బయట చెప్పులు వరసగా విడిచి ఉన్నాయి. కంప్యూటర్ గదిలోకి చెప్పులతో పోనివ్వరని పిల్ల చెబుతుండేది. ఆ వరసలో ఒక జత పట్టీకి నీలం వలదారం కుట్టు ఉంది. ఆ కుట్టు నాదే.

టీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని అటెండరు ఎదురొచ్చాడు. "రికార్డు లేని పిల్ల తాలూకాండీ? బయటనుంచొచ్చిన సారు పదిన్నరదాకా చూస్తానన్నారు. మేడం గారు బతిమాలేరు. ఇంకో అయిదు నిమిషాలుందండీ."

"ఇది దానికి ఇచ్చెయ్యి బాబూ. నేను రాకూడదు."

"నా చేతులు ఖాళీ లేవు కదండీ. అదిగో, అక్కడే ఉంది. మీరే ఇవ్వండి."

వరండా చివర గోడకానుకుని పిల్ల ఉత్తకాళ్ళతో నిలబడి ఉంది. మొహం నాకు ఇటు పక్కనుంచి కనపడుతోంది. ఏడవడం అయిపోయిన మొహం. ఎలా వెళ్ళను? రెండేళ్ళు దాచుకున్న మొహాన్ని పరీక్ష గుమ్మంలో ఎలా చూపించను? నేను వెనక్కి తిరిగాను. దానికి వీపు పెట్టి, రికార్డు పట్టుకున్న చెయ్యి వెనక్కి చాపి, వెనకడుగులు వేస్తూ నడిచాను. కిటికీలోంచి ఎవరో కిసుక్కున నవ్వారు.

"అమ్మా?" అంది వెనకనుంచి. "ఏంటమ్మా ఇది? ఇటు తిరుగు."

"ముందు తీసుకో."

"తిరిగితేనే తీసుకుంటాను."

"టైమైపోతోందే."

"పోనీ."

నేను తిరగలేదు. అదే చుట్టూ తిరిగి నా ముందుకొచ్చింది. నా రెండు భుజాలూ పట్టుకుని మొహంలోకి చూసింది. చున్నీతో నా మొహం మీది చెమట తుడిచింది. అప్పుడు రికార్డు తీసుకుని లోపలికి పోయింది.

నేను ఆ చెప్పుల పక్కనే కూలబడ్డాను. కిటికీ రెక్క ఓరగా ఉంది. పిల్ల చేతులు కనిపిస్తున్నాయి. అట్ట మీద ఆడినట్టే ఆడుతున్నాయి. కాస్త ఊపిరి తీసుకున్నానో లేదో, లోపల ఫ్యాన్లు ఆగిపోయాయి. ఏవో కీచుకీచుమన్నాయి, తర్వాత అవీ ఆగాయి. కరెంటు పోయింది. ఎవరో పిల్ల "అంతా పోయింది మేడం" అంది. నా మొహం చూసింది కదా, పోకేం చేస్తుంది అనుకున్నాను. అక్కణ్ణించి లేచి గేటు బయటికి పోదామనిపించింది. గోడ పట్టుకుని లేవబోయాను.

కరెంటు వచ్చింది. ఆ చేతులు మళ్ళీ మొదట్నుంచి మొదలెట్టాయి. ఈసారి ఇంకా వేగంగా. నేను వాటినే చూస్తూ కూర్చున్నాను.

మధ్యాహ్నం బయటికొచ్చి చెప్పులు వేసుకుంటూ చెప్పింది. ఇచ్చిన అంకెల్ని చిన్నది ముందు పెద్దది వెనక వరస పెట్టే ప్రోగ్రాము వచ్చిందంట. "సగంలో పోయింది. మళ్ళీ కొట్టేను. అవుట్‌పుట్ వచ్చింది, సారు చూసేరు" అంది. ఆ వేసవిలో ఫలితాలొచ్చాయి. డిగ్రీ పాసయింది. మా అత్త ఊరంతా బెల్లం పంచి, తన చెంబు నీళ్ళ వల్లే అని చెప్పుకుంది. చెప్పుకోనిచ్చాను.

ఇదీ నేను చెప్పాలనుకున్నది. చూశాను, పిలవలేదు. నా వల్ల ఏడాది పోయేది.

నా కూతురు కలం కింద పెట్టింది. తర్వాత అంది: "తాటిమొద్దు దగ్గర నేనాగేను కదా. అప్పుడే గుర్తొచ్చిందమ్మా. సంచిలో చెయ్యి పెట్టి చూసుకున్నాను కూడా."

"మరి వెనక్కి రాలేదేం?"

"బయల్దేరి వెనక్కొస్తే పని కాదని మామ్మ అంటుందిగా. లెక్కల పేపరు గుర్తొచ్చింది."

"కంప్యూటర్‌కి తెలీదనేదానివి."

"అనేదాన్ని. నువ్వు దడి వెనకే ఉంటావని నాకు తెలుసు. చూసే ఉంటావనుకున్నాను. పిలుస్తావేమోనని ఆగేను" అంది.

నేను కలం తీసి దాని చేతికిచ్చాను.

"ఇది కూడా రాయనా?" అని అడిగింది.

"రాయి" అన్నాను.