ఇంజను చల్లారేదాకా

అమెరికాలోని బెంటన్‌విల్ తెలుగువాళ్ళలో జ్ఞానప్రసూన పేరు తెలియనివాళ్ళు కూడా ‘వెల్డింగ్ ఆంటీ’ అంటే గుర్తుపడతారు. పదకొండేళ్ళు ఆఫీసులో కూర్చుని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసిన మనిషి. గ్రీన్‌కార్డు చేతికొచ్చిన ఏడాదే, నలభై నాలుగేళ్ళ వయసులో, కమ్యూనిటీ కాలేజీలో వెల్డింగ్ క్లాసుకు చేరింది. చిన్నప్పుడు తెనాలిలో వాళ్ళింటి పక్క షెడ్డులో ట్రాక్టరు ట్రాలీలు అతికేవారు. ఆ నీలి వెలుగు చూడొద్దని అమ్మ కళ్ళు మూసేది. ప్రసూన అమ్మ వేళ్ళ సందుల్లోంచే చూసేది.

కోర్సు అయ్యాక పాత పికప్ ట్రక్కు కొని, వెనక డీజిల్ ఇంజనుతో నడిచే వెల్డింగ్ మెషీన్ బిగించుకుంది. కరెంటు లేనిచోట కూడా పని జరుగుతుంది కాబట్టి చుట్టుపక్కల కోళ్ళఫారాలవాళ్ళు పిలవసాగారు.

రెండేళ్ళ కిందట ఒక జూలై మధ్యాహ్నం ఇంజను వేడెక్కి ఆగిపోయింది. పని ముగించాలన్న కంగారులో రేడియేటర్ మూత తిప్పింది. మరుగుతున్న నీళ్ళు ఎగజిమ్మి ఎడమ చెయ్యి మోచేతిదాకా బొబ్బలెక్కింది. మానడానికి నెలన్నర పట్టింది. భర్త తేజేశ్వర్ మెషీన్ అమ్మేద్దామన్నాడు. ఆమె అమ్మలేదు. కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని మాన్యువల్ మొదటినుంచి చివరిదాకా చదివింది. తప్పు మెషీన్‌ది కాదని అప్పుడు తెలిసింది. ఒక కాగితం మీద తెలుగులో నాలుగు ముక్కలు రాసి మెషీన్ తలుపు లోపల అంటించింది: ఆపు. కీ తియ్యి. చల్లారనివ్వు. బ్యాటరీ మైనస్ తీగ విప్పు. తేజేశ్వర్ మాత్రం ఆ తరవాత ట్రక్కు దగ్గరికే రాలేదు.

మొన్న ఏప్రిల్‌లో గాలివాన కురిసిన మర్నాడు వాల్టర్ అనే కోళ్ళరైతు ఫోన్ చేశాడు. మేత నిలవచేసే పెద్ద ఇనప డబ్బాకి ఒక కాలు చీలిందట. డబ్బా ఖాళీగానే ఉంది, కానీ మూడింటికి మేత లారీ వస్తుంది. కాలు అతక్కపోతే దించుకునే దారి లేదు, కోళ్ళు పస్తుంటాయి. దారిలో చెట్లు పడ్డాయని విని, శనివారం కాబట్టి, తేజేశ్వర్ తోడు వస్తానన్నాడు.

ప్రసూన డబ్బాకి ఆసరా పెట్టి, మేత దుమ్ము ఊడ్చి, నేల తడిపి పని మొదలుపెట్టింది. సగంలో ఇంజను దగ్గినట్టు కొట్టుకుని ఆగిపోయింది. అప్పటికే ఒంటిగంట దాటింది. వాల్టర్ ట్రక్కు దగ్గరికొచ్చి, వేడెక్కిందేమో చూద్దామంటూ రేడియేటర్ మూత మీదికి చెయ్యి పోనిచ్చాడు. ప్రసూన ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. చొక్కా చేతిని పైకి లాగి తన చేతి మీది మచ్చ చూపించింది. వాల్టర్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఆమె కీ తీసి భర్త చేతిలో పెట్టింది.

“జేబులో పెట్టుకో. ఈ తలుపులన్నీ మూసేదాకా ఎవరికీ ఇవ్వకు. నేనడిగినా సరే.”

“నీక్కూడానా?”

“నాక్కూడా. చెయ్యి లోపల ఉండగా ఇంజను స్టార్ట్ అయితే ఫ్యాన్ వేళ్ళు తీసేస్తుంది.”

నలభై నిమిషాలు ఆగారు. డీజిల్ ఫిల్టర్ విప్పాలని, వేడి సైలెన్సర్ మీద డీజిల్ పడితే అంటుకుంటుందని ఆమె ముందే చెప్పింది. వాల్టర్ గడియారం చూసుకుంటూ అటూ ఇటూ తిరిగాడు. తేజేశ్వర్ తలుపు లోపలి కాగితం చదివి, ఎప్పుడు రాశావని అడిగాడు. చెయ్యి కాలినప్పుడని చెప్పింది.

“నాకు చెప్పలేదే.”

“నువ్వు అమ్మేద్దామన్నావు కదా, తేజా.”

అతను జేబులో కీ ఉందో లేదో తడిమి చూసుకున్నాడు.

చల్లారాక ప్రసూన కళ్ళద్దాలు పెట్టుకుని మైనస్ తీగ విప్పింది. డీజిల్ ఫిల్టర్ కింది గిన్నెలో రెండు వేళ్ళ మందాన నీళ్ళు. టాంకు మూత రబ్బరు చిట్లి వాననీళ్ళు దిగాయి. ఆ నీళ్ళూ, టాంకు అడుగున చేరిన నీళ్ళూ పాత క్యాన్‌లోకి దించి, కొత్త ఫిల్టర్ వేసి, మూతకి కొత్త రబ్బరు తొడిగింది. ఒలికిన డీజిల్ గుడ్డతో తుడిచింది. అన్నిటికన్నా చివర మైనస్ తీగ కలిపి, కీ కోసం చెయ్యి చాపింది.

తేజేశ్వర్ వెంటనే ఇవ్వలేదు. మెషీన్ చుట్టూ తిరిగి ఒక్కో తలుపూ లాగి చూశాడు. అప్పుడిచ్చాడు.

ఇంజను మూడోసారికి అందుకుంది. రెండున్నరకల్లా కాలు అతికింది. లారీ వచ్చి మేత నింపుతున్నంతసేపూ ప్రసూన ఆ అతుకు వంకే చూస్తూ నిలబడింది. అది కదలలేదు.

ఆగస్టులో కాలేజీవాళ్ళు సాయంత్రం క్లాసుకు మెషీన్ల మెయింటెనెన్స్ నేర్పమని ప్రసూనను పిలిచారు. మొదటిరోజు పదకొండుమంది హెల్మెట్లు పట్టుకుని వచ్చారు. ఆమె హెల్మెట్లు పక్కన పెట్టించి, తలా ఒక టార్చిలైటు ఇచ్చి, ఆపి ఉన్న మెషీన్‌లో మనిషికి దెబ్బ తగిలే చోట్లన్నీ వెతకమంది. గంటసేపు వెతికి తొమ్మిది చూపించారు. అందులో ఒకటి ప్రసూనకి ఎప్పుడూ తట్టనిది. దాన్ని నోటుబుక్కులో రాసుకుంది.