ఊపిరి దగ్గర డోలు

మొన్న హనుమకొండలో దవాఖానకు వెళితే, సూది వేసే ముందు నర్సమ్మ స్పిరిట్‌లో ముంచిన దూదితో నా కుడి భుజం తుడిచింది. ఆ వాసనకు అందరికీ సూది గుర్తొస్తుంది. నాకు డేవిడ్ సార్ గుర్తొచ్చారు. పొద్దున్నే స్టూడియో తలుపు తీయగానే అలాంటి దూదితోనే టేపు మిషను హెడ్లు తుడిచేవారు. డోర్నకల్ మనిషి. రైల్వేలో యంత్రాలు బాగుచేసే కొలువు వదిలేసి, ఎనభైలలో హనుమకొండలో రెండు గదుల రికార్డింగ్ స్టూడియో పెట్టారు. నేను వరంగల్‌లో మా నాన్న బట్టల దుకాణంలో పదేళ్లు గుడ్డ కొలిచి, పాటల పిచ్చితో ఆయన దగ్గర చేరాను. అందుకే నన్ను "సేటూ" అనేవారు.

విడివిడిగా రికార్డు చేసిన గొంతునూ వాద్యాలనూ ఏది ఎంత వినిపించాలో చూసి కలపడం నా పని. పాడినవాళ్లతో పేచీ తప్పేది కాదు. పేచీ అంటే నాకు భయమా? రంగు నచ్చలేదన్న ఆమెకు అదే చీరను మడత మార్చి చూపించి అమ్మినవాణ్ణి.

పాలకుర్తి వైపు నుంచి ఈలయ్య వచ్చాడు. డోలు దరువు మీద ఒగ్గు కథ చెప్పే పెద్దమనిషి. గొంతు అరిగిపోతోందని, పోయేలోగా ఒక్క క్యాసెట్టయినా మిగలాలని ఆయన తపన. కథంతా పాడేశాక కలపడానికి కూర్చున్నాం.

"బిడ్డా, డోలు జర పెంచు."

"పెంచితే నీ మాటలు మునిగిపోతయ్ తాతా."

"మునగయ్‌లే, పెంచు."

నాలుగోసారి అడిగేసరికి, దేనికీ కలపని ఉత్త నాబ్ ఒకటి పట్టుకుని, పెదవి కొరుక్కుంటూ మహా జాగ్రత్తగా తిప్పాను. ఈలయ్య కళ్లు మూసుకుని విన్నాడు. "ఆఁ! గిప్పుడు మాట్లాడుతాంది డోలు" అని క్యాసెట్ తీసుకుని వెళ్లిపోయాడు.

ఈ ఘనకార్యం చెబితే సార్ నవ్వుతారనుకున్నాను. ఆయన చేతిలో దూది పక్కన పెట్టారు.

"ఆయన యాడ వింటడు సేటూ?"

"ఊర్లె."

"మనం యాడ విన్నం?"

"గీ గదిల."

"పద, ఆయన ఊరికే పోదాం. నాబ్ సంగతి నీ నోటితోనే చెప్పాలె."

బస్సులో బేరం పెట్టాను. "డోలు పెంచి ఇంకో క్యాసెట్ ఇస్తే అయిపాయె గద సార్, చెప్పుడెందుకు?" సార్ కిటికీలోంచి బయటకు చూడసాగారు. పాలకుర్తి వచ్చేదాకా చూస్తూనే ఉన్నారు.

ఈలయ్య వాకిట్లో జనం గొంగళ్లు పరుచుకుని కూర్చున్నారు. గుంజకు కట్టిన మైకు గొట్టంలోంచి క్యాసెట్ కథ మొదలైంది. మా గదిలో గుండె మీద మోగిన డోలు, ఇక్కడ ఎవరో పక్కవాడలో తలుపు తట్టినట్టుంది. ఒక ముసలమ్మ ఉండబట్టలేక, "ఓ ఈలన్నా, డోలు కొట్టెటోనికి బువ్వ పెట్టలేదా?" అంది. అందరూ నవ్వారు. ఈలయ్య నవ్వలేదు. చెవి దగ్గర అరచేయి పెట్టుకుని గొట్టం వైపు ఒంగాడు.

"తాతా, ఆనాడు నేను తిప్పింది ఉత్త నాబ్. డోలు పెంచలే" అన్నాను.

చెవి దగ్గరి అరచేయి దించాడు. "నా చెవులే పోయినయనుకున్న గదరా" అన్నాడు.

తిట్టినా బాగుండేది. సార్ వెళ్లి ఆయన పక్కన గొంగడి మీద కూర్చున్నారు. "తప్పు మాదే అన్నా. డోలు ఎంత పెంచాల్నని మావోడు కొట్లాడిండు. నేను ఇంకోటి అడుగుత. యాడ పెంచాలె?"

ఈలయ్య ఆలోచించాడు. "నేను ఊపిరి తీసుకునే కాడ. గప్పుడు కథను డోలే మోస్తది సారూ. నేను మాట ఎత్తుకున్నంక దానితో పనేంది?"

పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ నాకు తెలిసిన ప్రశ్న ఒక్కటే: ఎంత? ఆ వాకిట్లో తలదించుకుని రెండోది నేర్చుకున్నాను.

మర్నాడు ఈలయ్య స్టూడియోలో నా పక్కన కూర్చుని కుడి భుజం మీద చేయి వేశాడు. ఊపిరి వచ్చే చోట భుజం నొక్కేవాడు, నేను డోలు పెంచేవాణ్ణి. మాట మొదలవగానే వేళ్లు వదిలేసేవాడు, తగ్గించేవాణ్ణి. ఒక్క చోట తప్పినా మళ్లీ మొదటికి. మూడుసార్లు తప్పాను. నాలుగోసారి ఆయన నొక్కకముందే నా చేయి కదిలింది. సార్ వెనక నిలబడి చూస్తున్నారు.

ఆ క్యాసెట్ వాకిట్లో మోగినప్పుడు ముసలమ్మ, "గిప్పుడు తిన్నడు" అంది. అట్ట మీద మిక్సింగ్ అన్నచోట సార్ తన పేరు రాసుకోలేదు. ముందు ఈలయ్య పేరు, తర్వాత నా పేరు రాశారు. రెండో చోటు ఇచ్చినా నేను బేరమాడలేదు. ఆ అట్ట ఇప్పుడు నా స్టూడియోలో అద్దం కట్టి ఉంది.

ఈనాటికీ ఎవరైనా వచ్చి "జర పెంచు" అంటే నా చేయి నాబ్ మీదికి పోదు. కుడి పక్కకు కుర్చీ లాగి, "యాడ?" అని అడుగుతాను. మొన్న సూది వేస్తూ నర్సమ్మ, "భుజం అంత బిగవట్టకు" అని కసిరింది. ఎవరో నొక్కుతారని ఎదురుచూస్తున్నానని ఆమెకేం చెప్పను?