మూడో రాజీనామా

గోడ అలిగాడు. అలగడం అతనికి కొత్త కాదు. దేశ జట్టుకు పదిహేడేళ్లుగా గోల్‌కీపరు, వయసు ముప్ఫై తొమ్మిది, అలకలో మాత్రం ఇంకా ఆరేళ్లు దాటలేదు. కొత్త కోచ్ ఒకే ఒక్క మ్యాచ్‌కి, అదీ ఏ కప్పూ లేని మామూలు మ్యాచ్‌కి, అతన్ని బెంచి మీద కూర్చోబెట్టాడు. మర్నాడు పొద్దున్నే గోడ టీ కూడా ముట్టకుండా తెల్లకాగితం ముందేసుకుని, అంతర్జాతీయ ఫుట్‌బాల్ నుంచి తప్పుకుంటున్నానని నాలుగు వాక్యాలు రాసి, ఫుట్‌బాల్ సంఘానికి పంపించేశాడు.

ఇంతకుముందు రెండుసార్లు ఇలాగే రాశాడు. రెండుసార్లూ సాయంత్రానికల్లా పాత కోచ్ ఇంటికొచ్చి, సోఫా అంచున కూర్చుని, "నువ్వు లేకపోతే ఎలాగయ్యా" అని బతిమాలాడు. గోడ కాసేపు బెట్టు చేసి, ఆనక పెద్దమనసు చేసుకున్నట్టు ఒప్పుకున్నాడు. ఆ బతిమాలింపు రుచి మరిగినవాడు. ఈసారీ అంతేననుకున్నాడు. ఎందుకనుకోడు, పాపం?

తండ్రి తాపీమేస్త్రి. గోడ పదేళ్లప్పటి నుంచి కడుతున్న ఇళ్ల మీద నిలబడి, కిందినుంచి విసిరే ఇటుకల్ని రెండేసి చొప్పున పట్టుకునేవాడు. జారవిడిస్తే కింద తండ్రి తల ఉంటుంది. ఆ భయంతో వచ్చిన పట్టు అది. జట్టులోకి వచ్చాక, మేస్త్రి కొడుకు గోడ కాక ఇంకేమవుతాడని తోటివాళ్లు నవ్వులాటకి పెట్టిన పేరే నిలిచిపోయింది. ఆట తప్ప వేరే పని రాదు, వేరే ముచ్చటా లేదు. పోయిన నెల గోల్‌పోస్టుకి తల కొట్టుకుని చెవి వెనక పదకొండు కుట్లు పడితే, వారం తిరక్కుండానే ప్రాక్టీసుకి వెళ్లిపోయాడు.

పదకొండు కాకముందే టీవీలో వచ్చేసింది. గోడ తప్పుకున్నాడట, సంఘం అతని సేవలకు కృతజ్ఞతలు చెప్పిందట. గోడ ఫోన్‌లో సందేశాలు వరసకట్టాయి. అభినందనలన్నారు, ఇక హాయిగా విశ్రాంతి తీసుకోమన్నారు. వెళ్లొద్దని మాత్రం ఒక్కరూ అనలేదు. పెద్ద టోర్నీకి వెళ్లే జట్టు జాబితా సాయంత్రం నాలుగింటికి ప్రకటిస్తారు. ఆలోగా ఆ కాగితం వెనక్కి రాకపోతే అంతా అయిపోయినట్టే.

సంఘం ఆఫీసు మూడో అంతస్తులో. లిఫ్టు పాడైంది. మెట్లెక్కి వెళ్లేసరికి కార్యదర్శి భోజనం ముగించి, బల్ల మీద మెతుకులు కాగితంతో ఎత్తుతున్నాడు. గోడ కూర్చోలేదు.

"సార్, ఆ కాగితం చింపేయండి. ఏదో కోపంలో రాశాను."

పెద్దాయన కళ్లజోడు తీశాడు. "ఈసారి నిజమే అనుకున్నామయ్యా. మీ ఆవిడ ఫోన్ చెయ్యలేదుగా?"

"మా ఆవిడా?"

"నీకు తెలీదా? రెండుసార్లూ ఆ అమ్మాయే చేసింది. మీరెవరైనా వచ్చి ఒక్క మాటంటే ఆగిపోతారండీ అని ఏడ్చింది. అందుకేగా కోచ్‌ని పంపించాం! ఈసారీ చేస్తుందని పదిన్నర దాకా కాగితం సొరుగులోనే పెట్టుక్కూర్చున్నా. చెయ్యలేదు. ఇంట్లో అనుకునే రాశావనుకున్నాను."

గోడ ఎదుటి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఇన్నేళ్లూ దేశం తన కాళ్లు పట్టుకుందనుకున్నాడు. తీరా చూస్తే పట్టుకున్నది భార్య, అదీ వీళ్ల కాళ్లు.

"ఇంకా టైముంది," అన్నాడు కార్యదర్శి జాలిగా. "కానీ నీది తలదెబ్బ. ఇంట్లోవాళ్లు బాగున్నాడని చెప్తే తప్ప కొత్త కోచ్ వినడు. వెళ్లి ఆ అమ్మాయి చేత ఒక్క ఫోన్ చేయించు."

ఇల్లు చేరేసరికి మూడున్నర. భార్య కుట్టుమిషను దగ్గర స్కూలు యూనిఫాముల అంచులు మడిచి కుడుతోంది.

"ఎందుకు చెయ్యలేదు?" అన్నాడు గుమ్మంలోంచే.

ఆమె మిషను ఆపింది. ఏ ఫోనని అడగలేదు. "పోయిన మంగళవారం పాపని తీసుకురావడానికి వెళ్లారు. పాత స్కూలు గేటు ముందు గంటన్నర నిలబడ్డారు. అది ఆ స్కూలు మానేసి రెండేళ్లయింది. అక్కడి వాచ్‌మన్ నాకు ఫోన్ చేశాడు. మీరేమో ట్రాఫిక్ అన్నారు."

"అలసిపోయానే. ఎవరికైనా జరుగుతుంది."

"ఎవరికీ జరగదండీ."

గడియారం వంక చూసి గోడ గుడ్డపీలికల మధ్య మోకాళ్ల మీద కూలబడ్డాడు. సిగ్గు అనేది ఎక్కడ పోయిందో అతనికే తెలీదు. "నీ కాళ్లు పట్టుకుంటానే. తగ్గిపోయిందని ఒక్క ముక్క చెప్పు. జట్టు లేకపోతే నేనెవర్ని? పొద్దున్న లేచి ఎక్కడికెళ్లాలి? ఈ ఒక్క టోర్నీ. ఆ తర్వాత నువ్వేం చెప్తే అది."

ఆమె ఫోన్ అందుకుని, కార్యదర్శి రాసిచ్చిన కొత్త కోచ్ నంబరు అతనే కలిపి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని చెవి దగ్గర పెట్టుకుంది.

"నేనండీ, గోడగారి భార్యని. ఆయనకి తగ్గిపోయిందని చెప్పమంటున్నారు. ఇక్కడే ఉన్నారు, వింటున్నారు." మోకాళ్ల మీదున్న అతని వంక చూసింది. "తగ్గలేదండీ. దయచేసి తీసుకెళ్లకండి."

గోడ ఒక్క ఉదుటున లేచాడు. ఇది అబద్ధాలాడుతోందని తనే చెప్పేద్దామని జేబులోంచి తన ఫోన్ లాగాడు. అది తాళం అంకెలు అడిగింది. నాలుగే అంకెలు, పాప పుట్టినరోజు. రోజుకి యాభైసార్లు నొక్కే అంకెలు. వేలు గాల్లో ఆగిపోయింది. ఒకసారి నొక్కాడు, తప్పంది. ఇంకోసారి నొక్కాడు, తప్పంది. ఎంత తడుముకున్నా నెల కూడా గుర్తురాలేదు.

"ఏమే," అన్నాడు చివరికి. "పాప పుట్టినరోజు ఎప్పుడు?"

ఆమె మెల్లగా చెప్పింది. గోడ అంకెలు నొక్కలేదు. ఆమె ఒళ్లో తలపెట్టి, పాప స్కూలు నుంచి వచ్చేదాకా ఏడుస్తూనే ఉన్నాడు.