నీళ్ళే పొయ్యమన్న మా మరిది

అందరూ బాగున్నారా? పెద్దవాళ్ళకి ఈ ఎండలకి కళ్ళు తిరగడం లేదు కదా? మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు మెట్లు చూసుకుని దిగుతున్నారా? చంటిపిల్లల తల్లులూ, మీ పిల్లలు దగ్గులూ జ్వరాలూ లేకుండా ఉన్నారా? మా ఇంటాయనకి ఆయాసం ఎప్పటిలాగే ఉంది. నాకైతే బీపీ మాత్ర వేసుకున్నానో లేదో అన్న దిగులు తప్ప వేరే జబ్బేమీ లేదు. మా మరిదే లేడు. పోయి ఇరవై రోజులవుతోంది.

ఆ పొద్దున్న తోటకూర తరుగుతుంటే ఫోను మోగింది. మా మరిది భార్య, నా తోటికోడలు. "అక్కా, మీ మరిది పోయేరే" అంది. దానికి నేను అన్న మొదటి మాట రాయకూడదనుకున్నాను. రాయకపోతే ఇదంతా అబద్ధమవుతుంది. "అయ్యో, మరి మా బేటరీల సంగతో?" అన్నాను. ఏడుపు ఆ తరవాత వచ్చింది.

ఆ మాట ఎందుకు వచ్చిందో చెప్పుకోవాలి. మాది కోటవురట్ల వైపు, పొలంలో ఒంటి ఇల్లు. కరెంటు స్తంభాలు ఊళ్ళోనే ఆగిపోయాయి. పెంకుల మీద సోలారు ప్లేట్లు, వరండాలో చెక్క బల్ల మీద నాలుగు బేటరీలు, అదే మా కరెంటు. రెండు లైట్లూ ఒక ఫేనూ లేకపోయినా బతకొచ్చు. కానీ మా ఆయనకి మందుని పొగలా చేసి పీల్పించే చిన్న మిషను ఉంది. తెల్లవారుజామున ఆయాసం ఎక్కువవుతుంది. ఎండ ఉండని ఆ వేళకి బేటరీల్లో పగటి సత్తువ మిగలాలి. అది మిగిలేలా చూసినవాడు మా మరిది.

మా ఆయనకి సొంత తమ్ముడు. అనకాపల్లిలో బెల్లం మార్కెట్టుకి వెళ్ళే దారిలో లారీలకీ ఆటోలకీ బేటరీలు బాగుచేసే కొట్టు. అమావాస్యకి కొట్టు తియ్యడు. "సెలవు రోజున నీ పని సేత్తే దోసం లేదు ఒదినా, నువ్వు గిరాకీవి కాదు కదేటి" అని పదిన్నర బస్సుకి దిగిపోయేవాడు. ఆరేళ్ళలో తప్పింది తక్కువ. ఒంటి మీద ఎప్పుడూ యాసిడ్డు చుక్కలకి చిల్లులు పడ్డ చొక్కానే. మంచి చొక్కా వేసుకోవచ్చు కదా అంటే, "మంచిదే తొడుక్కొచ్చేను, ఇక్కడికొచ్చేకే ఇలాగయింది" అనేవాడు.

వచ్చాక కూర్చోడు. మెయిన్ స్విచ్చి ఆపి, తీగలు బిగించిన చోట పూసిన తెల్ల బూజుని వేణ్ణీళ్ళూ పాత బ్రష్షూ పెట్టి కడిగి, తుడిచి, వేజిలైన్ రాసేవాడు. మూతలు విప్పి లోపలికి చూసేవాడు. అప్పుడు గాని చోడి అంబలి గ్లాసు ముట్టేవాడు కాదు. నేను పక్కనే నిలబడి అడిగిందే అడిగేదాన్ని. పిడుగు పడితే? ఎలక తీగ కొరికితే? బల్ల విరిగితే? "ఒదినా, నీ దిగులుకో తీగ తగిలిత్తే ఈ ప్లేట్లెందుకు? మండలమంతా లైట్లెలుగుతాయి" అనేవాడు. మా ఆయన అంత ఆయాసంలోనూ నవ్వేవారు.

నేను నాలుగో తరగతి. అంకెలు చూస్తే కంగారు. అందుకని నాకు రంగులతో నేర్పాడు. రబ్బరు బుడ్డి ఉన్న గాజు గొట్టం ఒకటి ఇచ్చాడు. దాంతో బేటరీలోని నీళ్ళు పైకి లాగితే లోపల మూడు రంగుల పట్టీలున్న చిన్న తేలుడు పుల్ల లేస్తుంది. "పచ్చయితే పడుకో. తెల్లయితే కనిపెట్టుకునుండు. ఎర్రయితే నాకు ఫోన్ సెయ్యి. అంతే నీ సదువు." ఇంకో మాట ప్రతిసారీ చెప్పేవాడు. "ఇది తాగేది నీళ్ళే. యాసిడ్డు ఎక్కడికీ పోదు, లోపలే ఉంటాది. ఆవిరయ్యేది నీళ్ళు. నీళ్ళే పొయ్యి, అదీ డబ్బాలో వచ్చే బేటరీ నీళ్ళే. బోరు నీళ్ళు పోసేవంటే నీతో మాటాడను." సరే సరే అనేదాన్ని. నేను తప్పుచేస్తే అది బోరు నీళ్ళతోనే అని ఆయనా అనుకున్నాడు, నేనూ అనుకున్నాను.

ఈ ఏడు మా మరిదికి గుండె జబ్బు చేసి విశాఖలో ఆసుపత్రిలో పడుకోబెట్టారు. రెండు అమావాస్యలు రాలేదు. ఆ రోజుల్లోనే చివరి బేటరీలో పుల్ల ఎర్రకి దిగింది. నీళ్ళు పోశాను, ప్లేట్లు తుడిచాను, రెండు రోజులు చూశాను. ఎర్రే. మూడో రోజు తెల్లవారుజామున మిషను సగంలో ఆగిపోయింది. మా ఆయన నా చెయ్యి పట్టుకున్న పట్టు ఇప్పటికీ మణికట్టు మీద తెలుస్తోంది.

మాది బెల్లం వండిన ఇల్లు. పెనంలో చెరుకు రసం మడ్డి సరిగ్గా విరక్కపోతే, పాకం ముద్దకట్టకపోతే, కాస్త సున్నపు తేట వేస్తాం. రసం రంగు తిరుగుతుంది, బెల్లం నిలబడుతుంది. నలభై ఏళ్ళు చేసిన పని. బేటరీకి సత్తువ తగ్గితే దాని సున్నం యాసిడ్డే కదా అనిపించింది. అనకాపల్లి వెళ్ళేవాళ్ళ చేత డబ్బా తెప్పించి, ఒక్కదానికే పొయ్యడం ఏం న్యాయమని నాలుగు బేటరీల్లోనూ తలా కాస్త పోశాను. మర్నాడు గొట్టం పెట్టి చూద్దును కదా, పుల్ల పచ్చలో నిలబడింది! దేవుడికి కొబ్బరికాయ కొట్టాను.

ఆ సాయంత్రమే ఆసుపత్రి మంచం మీద నుంచి మా మరిది ఫోను. గొంతు పీలగా ఉంది.

"రంగేటి ఒదినా?"

"పచ్చ బాబూ. నాలుగూ పచ్చే."

"అదీ! నువ్విప్పుడు బేటరీల డాక్టరువి. నేనున్నా లేకపోయినా మా అన్నకి బెంగ లేదు."

ఏం పోశానో చెప్పలేదు. జబ్బు మనిషిని కంగారు పెట్టకూడదని అందరికీ చెప్పుకున్నాను. నిజం ఏమిటంటే, ఆ మెప్పు నాకు బాగుంది. జన్మలో నన్ను డాక్టరని ఎవరన్నారు? ఆ తరవాత పది రోజులకి పోయాడు.

పెద్దకర్మ నాడు ఆయన తోటి మెకానిక్కు ఒకతను వస్తే, విస్తరి ముందు కూర్చున్న మనిషిని పట్టుకుని, యాసిడ్డు పోశాక బేటరీలు వేడెక్కుతున్నాయేమని అడిగాను. అతను చెయ్యి ఆపేశాడు.

"యాసిడ్డు పోసేరేటమ్మా? నీళ్ళు సిక్కబడితే పుల్ల తేలకేం సేత్తది? జొరమొచ్చినోడి బుగ్గలు సూసి నిగారింపనుకున్నట్టుంది. లోపల రేకుల్ని తినేత్తది."

"ఆ చివరిదొక్కటీ కొత్తది వేస్తే?"

"మీ మరిది సెప్పలేదా?"

చెప్పాడు. ముసలెద్దు పక్కన కోడెని కడితే ముసలిది ఈడ్వలేదు, కోడె దాని అడుగుకే చిక్కి చస్తుంది, మారిస్తే నాలుగూ ఒకసారే మార్చాలి అనేవాడు. ఈ చెరుకు కొట్టాక మార్పిద్దాం, అందాకా ఇవి నెట్టుకొస్తాయి అని లెక్క కూడా వేసి పెట్టాడు. ఆ అందాకా అన్నదాన్ని నేనే కాల్చేశాను.

ఇప్పుడు మధ్యాహ్నమయ్యేసరికి బేటరీలు చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతున్నాయి. కుళ్ళు గుడ్డు వాసన. చివరిదాని పక్క ఉబ్బింది. పేలిపోతుందేమోనని ఎండ ముదిరేలోగా ప్లేట్ల మీద పాత చీర కప్పించేస్తున్నాను. తెల్లవారుజామున ఆయాసం వస్తే మా ఆయన వీపు రాస్తూ తూర్పు వైపు చూస్తూ కూర్చుంటాను. నేనింకేం చెయ్యగలను?

నిన్న తోటికోడలికి ఫోను చేసి అంతా చెప్పేశాను.

"ఆయనకి సెప్పలేదు కదక్కా?" అంది.

"లేదమ్మా."

"మంచి పని సేసేవు. సెప్పుంటే సెలైను పీక్కుని బస్సెక్కేసుందురు."

ఇద్దరం నవ్వాం, దాని వెనకే ఏడ్చాం. తానే వచ్చి చూస్తానంది. కొట్లో ఆయన పక్కన ముప్పై ఏళ్ళు కూర్చుంది, నాకంటే తెలుసు. నెల తిరక్కుండా గుమ్మం దాటకూడదని ఇంట్లో పెద్దవాళ్ళు గోల పెడుతున్నారట. "నెల తిరిగేదాకా బావగారి ఊపిరి ఆగుతాదేటి?" అంది. రమ్మనలేకపోయాను, వద్దనీ అనలేకపోయాను. వచ్చి చూసి, ఇక పనికిరావు అంటుందనే నా భయం. దారిలో ఎవరైనా దాన్ని ఒక మాట అంటారనీ భయమే.

ఇది రాస్తుంటే బయట ఎండ మండిపోతోంది. ఇంటి మీదకి వచ్చే సత్తువంతా వృథాగా పోతోంది. ప్లేట్ల మీద చీరకి నాలుగు మూలలా రాళ్ళు పెట్టించాను. గాలి వచ్చినప్పుడు అది నడిమిన ఉబ్బుతుంది, కాసేపు అలాగే ఉంటుంది, మెల్లగా అణుగుతుంది. మా ఆయన మంచం మీద నుంచి దాన్నే చూస్తున్నారు. తోటికోడలు ఆదివారం పొద్దున్న వస్తోంది.