మా చర్చిని కట్టిందెవరు?

మిస్ హెస్టర్ ట్రూస్‌డేల్‌ది ఒకటే జబ్బు. మా చర్చి చరిత్ర ఒకరికి చెప్పినట్టు ఇంకొకరికి చెప్పేది కాదు.

డౌన్‌టౌన్‌లో బ్యాంకుల మధ్య ఇరుక్కుని నిలబడ్డ పాత ఎపిస్కోపల్ చర్చి మాది. నేను అందులో ఆర్గన్ వాయించేవాణ్ణి. సాధనకని కూర్చుంటే చాలు, వెనకనుంచి ఆవిడ గొంతు వినిపించేది. మెట్ల మీద కాసేపు నీడకి ఆగినవాళ్ళని మోచెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చేది. దారి తప్పి వచ్చిన పెళ్ళికొడుకు కూడా సగం చరిత్ర విన్నాకే తన పెళ్ళికి వెళ్ళగలిగాడు.

"ఏం పని చేస్తావు నాయనా?" అని ఓ రోజు క్లియోటిస్ అనే అతన్ని పట్టుకుంది.

"బార్బర్నండీ."

"వచ్చావా! ఈ చర్చిని కాపాడింది మీవాళ్ళే. అంతర్యుద్ధంలో దీన్ని తగలబెడదామని ఓ కెప్టెన్ వచ్చాడు. ఒక బార్బరు ఆయనకి గడ్డం గీస్తూ, మెడ దగ్గర కత్తి ఆపి, 'ఇప్పుడు చెప్పండి, తగలబెడతారా?' అన్నాడు."

క్లియోటిస్ ఛాతీ రెండింతలయింది.

మర్నాడు బస్సు డ్రైవరు రమోనా దొరికింది. చర్చి కట్టేటప్పుడు గుర్రాలు మొరాయిస్తే, బండి తోలే అమ్మాయే రాళ్ళ బండిని భుజంతో లాగిందట! ఆ తర్వాత రొయ్యలు వేయించి అమ్మే పెర్సివల్. "గోడలు నిలబడకపోతే సున్నంలో రొయ్యల పొట్టు కలపమన్నది మీవాడే. వాసన చూడు, ఇప్పటికీ వస్తుంది."

పెర్సివల్ గోడకి ముక్కు ఆనించి, "అవునండోయ్!" అన్నాడు. ఆ వాసన అతని చొక్కాలోంచి వస్తోందని నేను చెప్పలేదు.

"మిస్ హెస్టర్, కట్టింది పత్తి వ్యాపారి కదండీ? గోడ మీద పేరు చెక్కి ఉంది" అన్నాను ఆవిడతో.

"ఆయన ఒక్క రాయైనా మోశాడా? నువ్వు వాయించుకో!"

రానురాను ఆదివారాలు వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. మిగిలినవాళ్ళం చలికాలం ఒకే హీటర్ చుట్టూ సరిపోయేవాళ్ళం. చివరికి బిషప్ గారే వస్తున్నారని కబురొచ్చింది. చర్చి మూసేసి, స్థలాన్ని పక్క బ్యాంకుకి కార్లు పెట్టుకోడానికి ఇచ్చేస్తారట.

ఆయన వచ్చిన ఆదివారం మొదటి కీర్తన మొదలుపెట్టానో లేదో, తలుపులు తెరుచుకున్నాయి. మూసేస్తారన్న కబురు విన్న బార్బర్లు, యూనిఫారాల్లో బస్సు డ్రైవర్లు, ఏప్రన్ విప్పకుండానే పెర్సివల్... బెంచీలు నిండి, జనం గోడల వెంట నిలబడ్డారు. ఎవరికీ రాగం తెలియదు. అయినా ఎవరూ గొంతు తగ్గించలేదు. వాళ్ళ వెనక ఆర్గన్‌తో పరిగెత్తలేక చచ్చాను.

ఆరాధన అయ్యాక బిషప్ గారు గొంతు సవరించుకున్నారు. క్లియోటిస్ లేచాడు.

"మా బార్బర్లు కాపాడిన చర్చిని మూస్తారేంటండీ?"

"బార్బర్లేంటి?" రమోనా లేచింది. "ఈ రాళ్ళు తెచ్చింది మావాళ్ళయితే!"

"ఆ రాళ్ళు నిలబడ్డది మా రొయ్యల వల్ల!" అన్నాడు పెర్సివల్.

ఆవిడ అబద్ధాలన్నీ ఒకే చోట కలుసుకున్నాయి.

బిషప్ గారు మిస్ హెస్టర్ వైపు తిరిగారు. "ఎందుకమ్మా ఇలా చెప్పారు?"

"వీళ్ళంతా మెట్ల దాకా వచ్చి, లోపలికి రావచ్చా అని అడగడానికే జంకేవాళ్ళు బిషప్ గారూ. ఇల్లు మీదేనంటే వచ్చి కూర్చుంటారు కదా."

"అంటే మా బార్బరూ, ఆ కత్తీ..." అని క్లియోటిస్ నసిగాడు.

రమోనా అతని చొక్కా పట్టి కూర్చోబెట్టింది. "ఊరుకోవయ్యా! చర్చి మనదేనన్నారుగా!"

బిషప్ గారు నవ్వు ఆపుకోలేకపోయారు. "మీదే. మూసే ప్రసక్తే లేదు!" అన్నారు. జనం వేసిన కేకలకి కప్పు లేచిపోతుందనుకున్నాను.

వెళ్తూ వెళ్తూ ఆయన గుమ్మం దగ్గర ఆగారు. "ఇంతకీ నిజంగా కట్టిందెవరు మిస్ హెస్టర్?"

ఆవిడ ఆయన మోచెయ్యి పట్టుకుంది.

"ఒక బిషప్ గారండీ. కట్టొద్దని చెప్పడానికే వచ్చారు. జనాన్ని చూసి మనసు మారి, తనే పార పట్టారు. లోపలికి రండి, ఆయన నిలబడ్డ చోటు చూపిస్తాను."

కారు డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు. బిషప్ గారు బుద్ధిగా ఆవిడ వెంట నడిచారు.