వాచీ పట్టుకున్న చెయ్యి

ధర్మవరానికీ పెనుకొండకూ నడుమ ఉన్న మా ఊరి అవుట్‌పోస్టులో ఒక హెడ్ కానిస్టేబుల్ ఉండేవాడు. వాడి గురించి మంచి మాట ఒక్కటి చెప్పమంటే, వాచీని బాగా చూసుకునేవాడని చెబుతాను. ఎవరినైనా కొట్టే ముందు దాన్ని విప్పి, పక్కన ఎవరుంటే వాళ్ళ చేతిలో పెట్టేవాడు. "గీత పడకుండా చూడప్పా" అనేవాడు.

పట్టు నూలుకు రంగులు వేసే షెడ్డు మాది. ఒకరోజు పక్క షెడ్డులో ఎర్ర రంగు వేసి ఆరేసిన పట్టు పోయింది. మా దగ్గర పనిచేసే బీహారు కూలీని అవుట్‌పోస్టుకు పట్టుకుపోయారు. అతని అరచేతులు ఎర్రగా ఉన్నాయట, అదే సాక్ష్యం. నేను పరుగున వెళ్ళాను. నన్ను చూడగానే అతను చేతులు రెండూ చాపి, వచ్చిన కాస్త తెలుగులోనే "చెప్పన్నా, చెప్పన్నా" అన్నాడు.

"రంగు పని చేసేవాళ్ళకంతా చేతులు ఇట్లే ఉంటాయి సార్. వారం దినాలు కడిగినా పోదు" అన్నాను.

హెడ్ కానిస్టేబుల్ వింటూనే వాచీ విప్పి నా ముందుకు చాపాడు. భయంతో నా చెయ్యి దానంతటదే ముందుకు వెళ్ళింది. అదీ ఎర్రగానే ఉంది. వాడు చూశాడు, కూలీ కూడా చూశాడు.

"నీది మనూరి చెయ్యిలేప్పా" అని నవ్వి, వాచీని అందులో పెట్టాడు.

లాఠీ లేచింది. "చెప్పన్నా" అని అతను అరుస్తూనే ఉన్నాడు.

నేను వాచీకి గీత పడకుండా చూసుకున్నాను.