బాపు లారీ నంబరు

ఈ పొద్దున మా ఆవిడ పసుపు కుంకుమల గిన్నె పట్టుకొని నా అద్దాల బీరువా దగ్గరికి వచ్చింది. దసరా కదా, ఇంట్లో కత్తిపీట మొదలుకొని కుట్టుమిషను దాకా అన్నిటికీ బొట్లు పెట్టేసింది. ఇక మిగిలినవి నా మిలిటరీ బళ్లు. "వీటికి సుత పెట్టాల్నా, వద్దా?" అని అడిగింది. అడగడంలో తప్పేమీ లేదు. అయినా నాకు కోపం నషాళానికి అంటింది. నాలుగేళ్లుగా దసరా వస్తే నాకిదే జబ్బు. "ముట్టకు!" అని అరిచాను. ఆమె నా మొహం చూసి, గిన్నె అక్కడే పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

ఆ బీరువాలో ఉన్నవి పాతకాలపు రేకు బొమ్మలు. జీపులు, గొట్టం విరిగిన ట్యాంకు, పక్కన ఎర్రగుర్తు అరిగిపోయిన అంబులెన్సు, ఫిరంగిని లాక్కుపోయే బండి. నిజామాబాదులో పాత సామాను దుకాణాలన్నీ తిరిగి, సరిహద్దు అవతలి నుంచి వచ్చి మరాఠీలో బేరమాడే పాత ఇనుము వ్యాపారి గోనెసంచుల్లో చేతులు పెట్టి వెతికి, ముప్పై ఏళ్లు పోగేశాను. సైకిలు చక్రాలతో పాటు వీటినీ కరిగించడానికి పంపే మనుషులంటే నాకు ఒళ్లు మంట. బీరువా చూసి "సార్‌కు సిన్నతనం మళ్లొచ్చింది" అని నవ్వే ఇరుగుపొరుగు వాళ్లంటే ఇంకా మంట. ఇలాంటి బొమ్మలకు ఉన్న నియమం ఒక్కటే. కడగకూడదు, తోమకూడదు, రంగు వేయకూడదు. ఏ పిల్లవాడి చేతిలో ఎంత అరిగిందో అంతే ఉండనివ్వాలి. ఈ ఒక్క ముక్క మా ఇంటిల్లిపాదికీ చెప్పి చెప్పి నా నోరు ఎండిపోయింది.

వీటన్నిటికీ పెద్ద ఒక ఆకుపచ్చ లారీ. చావి ఇస్తే గిర్రున తిరిగేది. మా బాపు మిలిటరీలో లారీ డ్రైవరు. ఒకసారి సెలవు మీద వస్తూ పూనా నుంచి తెచ్చాడు. బాపుకు చదువు రాదు, పటాలంలో నేర్చుకున్నవి అంకెలు మాత్రమే. ఆ సెలవులో అరుగు మీద కూర్చొని, పుల్లకు దూది చుట్టి, తెల్లరంగులో ముంచి, బొమ్మ లారీ తలుపు మీద తన లారీ నంబరు రాశాడు. ముందొక బాణం గుర్తు, తరువాత అంకెలు, ఏడుకు నడుం మీద అడ్డగీత. "గిదే నేను నడిపే బండి. నంబర్ యాద్ పెట్టుకో. సడక్ మీద మిలిటరీ బండ్లు పోతుంటె సూస్తుండు, ఏదో ఒక దినం నేనే వస్త" అన్నాడు. నేను బోధన్ రోడ్డు మీద ఎన్ని మధ్యాహ్నాలు నిలబడ్డానో లెక్కలేదు. చివరికి బాపు ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకొని బస్సు దిగాడు. ఆ తరువాత బతికినంత కాలం ఫ్యాక్టరీకి చెరకు తోలాడు. కాగితాల మీద వేలిముద్రే వేసేవాడు. ఆయన చేతిరాత అంటూ ఈ లోకంలో ఉన్నది ఆ లారీ తలుపు మీదే.

ఇక మా బామ్మర్ది. బోధన్‌లో పెయింటరు. ట్రాక్టర్లకు, చెరకు బళ్లకు దసరా ముందు కొత్త రంగులు వేసి పేర్లు రాయడం అతని పని. చేతిలో బ్రష్షు ఉంటే చాలు, గోడ కనిపించినా ఊరుకోడు. నాలుగేళ్ల కింద నా కళ్లకు శుక్లాల ఆపరేషన్ చేయించుకోవడానికి హైదరాబాదు వెళ్తూ, మొక్కలకు నీళ్లు పోయమని తాళాలు అతనికి ఇచ్చాను. బుద్ధి తక్కువై ఇచ్చాను. తిరిగి వచ్చిన రోజు నా చెయ్యి పట్టుకొని బీరువా ముందుకు తీసుకుపోయాడు.

"బావా, కొత్త కండ్లతోని ముందుగాల ఇవే సూడాలె అనుకున్న. ఎట్ల మెరుస్తున్నయో సూడు!"

మెరుస్తున్నాయి. జీపులు ట్రాక్టరు ఎరుపు, ట్యాంకు నీలం, అంబులెన్సుకు అంచుల వెంట పసుప్పచ్చ పూలు. బాపు లారీ కూడా నిగనిగలాడే ఎరుపు. తలుపు మీద ఏమీ లేదు.

నేనేం తిట్టానో ఇప్పుడు రాయలేను. అతని సంచిలోంచి రంగు కరిగించే తిన్నరు సీసా లాక్కొని, గుడ్డ తడిపి ఆ తలుపును రుద్దడం మొదలుపెట్టాను. "బావా, జర ఆగు! గట్ల రుద్దకు, నేను తీస్త. నంబర్ నేను..." అని ఏదో చెప్పబోయాడు. నేను వినలేదు. ఎరుపు పోయింది, దాని వెనకే ఆకుపచ్చ పోయింది, చివరికి వట్టి రేకు తేలింది. బాపు రాసిన తెల్లరంగు గుడ్డకు అంటుకుంది. ఆ చెయ్యి నాదే. ఆ సంగతి తెలిసి కూడా కోపమంతా అతని మీదే పెట్టుకొని గేటు దాకా తరిమాను. ఆ తరువాత ప్రతి దసరాకూ జమ్మి ఆకు పట్టుకొని గుమ్మంలోకి వస్తాడు. నేను గదిలోకి పోయి తలుపు వేసుకుంటాను.

ఈ పొద్దున నేను అరిచిన కాసేపటికి మా ఆవిడ మళ్లీ వచ్చి, మడిచిన పల్చటి కాగితం ఒకటి నా ముందు పడేసింది. విప్పాను. పెన్సిలు గీతల్లో బాణం గుర్తు, అంకెలు, ఏడుకు అడ్డగీత. పాత రాత మీద రంగు వేసేముందు దాని అచ్చు తీసుకొని, రంగు ఆరాక మళ్లీ అక్కడే దించడం పెయింటర్ల పనిలో పద్ధతట.

"నాలుగేండ్ల సంది నీ దగ్గర పెట్టుకొని ఏం చేస్తున్నవ్?" అని ఆమె మీదా ఎగిరాను.

"కోపం తగ్గినంక ఇయ్యమని మా తమ్ముడు చెప్పి పోయిండు. అది తగ్గితె గద! ఇగ తగ్గదని నేనే ఇస్తున్న."

సాయంత్రం అతను జమ్మి పట్టుకొని వచ్చాడు. "లోపలికి రా" అన్నాను, కోపంగానే. లారీ, కాగితం, తెల్లరంగు డబ్బా, బ్రష్షు బల్ల మీద పెట్టాను. అతను కాగితం చేతిలోకి తీసుకున్నాడు. అది రెపరెపలాడింది.

"చెయ్యి ఒణుకుతున్నది బావా. రెండేండ్లాయె బ్రష్ ముట్టక. ఇప్పుడందరు స్టిక్కర్లే అతికిస్తున్నరు."

వణుకుతున్న ఆ చేతిలోంచే జమ్మి ఆకు తీసుకున్నాను. నాలుగేళ్ల కింద, బాపు అంకెల మీద ఈ కాగితం పరిచి పెన్సిలు తిప్పిన రోజున, ఆ చెయ్యి వణకలేదు. ఆ గీతలు చూస్తే తెలుస్తూనే ఉంది.